సీసాగారి ఏలుబడి

వారానికి సరిపడా సోర్‌డో బ్రెడ్, అంటే కొన్న ఈస్ట్ వేయకుండా ఇంట్లో పులియబెట్టిన పిండితోనే పొంగించే రొట్టె, ఇంట్లోనే కాల్చుకునే కుటుంబాల్లో ఇంటిపెద్ద ఎవరన్న విషయమై కొందరింకా పాత భ్రమల్లోనే బతుకుతున్నారు. సంపాదించేవారే పెద్ద అని ఒకరు, వండి పెట్టేవారే పెద్ద అని ఒకరు వాదించుకుంటూ ఉండగా, అసలు పెద్ద వంటగట్టు మీద గాజు సీసాలో, వదులు మూత కింద బుడగలు వేస్తూ కూర్చుని ఉన్నారు. కాస్త పిండి, కాస్త నీళ్లు, వాటిలో కాపురం పెట్టిన, పిండిని పొంగించే ఈస్టూ, పులుపు పుట్టించే లాక్టిక్ బ్యాక్టీరియా. లోకం ఈ బృందాన్ని స్టార్టర్ అంటుంది. మనకు మర్యాద తెలుసు కాబట్టి ఏలినవారు అందాం.

ఏలినవారు ఒక్క రోజులో గద్దెనెక్కరు. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రెండో రోజునే సీసా పొంగితే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు గానీ, ఆ పొంగు ఈస్ట్‌ది కాదు. పిండితోపాటు వచ్చిన ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా వదిలిన గ్యాస్ అది. పులుపు పెరిగేసరికి అవి తోక ముడుస్తాయి. ఆపైన కొన్ని రోజులు సీసాలో చడీచప్పుడూ ఉండదు. చాలా కుటుంబాలు సరిగ్గా ఈ ఘట్టంలోనే ఆశ వదులుకుని అంతా సింకులో పారబోస్తాయి. ఓర్చుకున్నవారి సీసాలో మాత్రం పులుపుకు తట్టుకునే బ్యాక్టీరియా, వాటితోపాటే ఈస్టూ నిలదొక్కుకుంటాయి. మొదట హడావిడి చేసేది ఒకరు, చివరికి కుర్చీ దక్కేది మరొకరికి. ఇందులో రాజనీతికి విరుద్ధమైనదేమీ లేదు.

గద్దెనెక్కాక ఇక మేత. సీసాలో 50 గ్రాములుంటే 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు వేయాలి. అంటే మేత వేసిన ప్రతిసారీ బరువు మూడింతలవుతుంది. ఏమీ తీసేయకుండా రోజుకు రెండుసార్లు మేపుతూ పోతే ఐదు రోజుల్లో, పదో మేతకల్లా, ఆ 50 గ్రాములు 2,952 కిలోలవుతాయి. సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వారికి అప్పగించాలి. అందుకని ప్రతి మేతకూ ముందు కొంత తీసేయాలన్నది శాసనం. ఆ తీసేసినదే డిస్కార్డ్.

కుటుంబ భోజనాల్లో డిస్కార్డ్ పోషించే పాత్రను ఎంత కొనియాడినా తక్కువే. పిండి పారేయడం పాపం కదా! కనుక సోమవారం డిస్కార్డ్ పాన్‌కేకులు. మంగళవారం డిస్కార్డ్ క్రాకర్లు. బుధవారం డిస్కార్డ్ పిజ్జా. గురువారం పిల్లలు బడి నుంచి రాగానే భోజనం సంగతి అడగరు, సీసా వైపు చూసి నిట్టూరుస్తారు. వంద గ్రాముల పులిసిన పిండిని కాపాడటానికి రెండు గుడ్లు, గ్లాసుడు పాలు, వెన్న, చక్కెర, గంటసేపు ఓవెన్ కరెంటు ఖర్చవుతాయి. ఇంతకన్నా ఘనమైన పొదుపు పథకం ఏ ఆర్థిక మంత్రికీ తట్టలేదు.

ఏలినవారి దినచర్యకు కుటుంబం ఒదగాలి గానీ, కుటుంబం దినచర్యకు వారు ఒదగరు. స్టార్టర్ వేసి రొట్టె పిండి కలిపాక గది వేడి 25 డిగ్రీలుంటే నాలుగు నుంచి ఆరు గంటలు పులవాలి. చలిగా ఉంటే ఇంకా ఎక్కువ. తొలి రెండు గంటల్లో అరగంటకోసారి చేతులు తడుపుకుని, పిండిని అంచు పట్టి సాగదీసి మడత వేయాలి. "ఏమండీ, పెళ్లికి ఆలస్యమవుతోంది" అని భార్య గుమ్మంలో నిలబడితే, "ఇంకొక్క మడత ఉందోయ్" అన్న జవాబు వంటింట్లోంచి వస్తుంది. అందులో పశ్చాత్తాపపు ఛాయ కూడా ఉండదు. రాత్రికి పిండిని ఫ్రిజ్‌లో పెడతారు. అక్కడ నిన్నటి కూర ఉండేది. దాన్ని ఎక్కడికి తరలించారన్నది ఎవరూ అడగకూడదు.

తెల్లవారి ఓవెన్‌ను 240 డిగ్రీలకు కాచి, లోపల బరువైన ఇనుప గిన్నెనూ ఎర్రగా కాల్చి, పిండి మీద బ్లేడుతో గాటు పెట్టి, మూతతో 20 నిమిషాలు, మూత లేకుండా మరో 20 నిమిషాలు కాలుస్తారు. ఇల్లంతా ఘుమఘుమలు. ఆకలి మీదున్న జనం కత్తులు పట్టుకుని నిలబడతారు. అప్పుడు వెలువడుతుంది అత్యంత కఠినమైన ఆజ్ఞ: కనీసం గంటసేపు ఎవరూ కోయరాదు. లోపలి పిండి ఇంకా కుదుటపడలేదు, వేడి మీద కోస్తే జిగురుజిగురుగా ఉంటుంది. శాస్త్రరీత్యా నిజమే. ఆకలితో ఉన్న ఆరేళ్ల పిల్లకు స్టార్చ్ స్వభావం వివరించే తండ్రిని చూసినప్పుడే మానవజాతి మీద నాకు గౌరవం పెరిగింది.

కోశాక తినేస్తారనుకుంటే పొరపాటే. ముందు రంధ్రాల పరిశీలన జరగాలి. ముక్కను వెలుతురుకు ఎత్తిపట్టి ఫొటోలు తీయాలి. వంద గ్రాముల పిండికి 80 గ్రాముల నీళ్లు పట్టించానని చెప్పుకోవడంలో ఒక హోదా ఉంది. 65, 70 గ్రాములతో చేస్తే చేతికి అంటుకోదు, ముక్కలు చక్కగా తెగుతాయి, శాండ్‌విచ్‌లోంచి జామ్ కారదు. పెద్ద పెద్ద కంతలున్న రొట్టెలో వెన్న రాస్తే కంచంలో పడుతుంది. పడనివ్వండి. కంత ఉన్నచోట కళ ఉంది.

వంశప్రతిష్ఠ మరో అధ్యాయం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849లో మొదలైన బూడాన్ బేకరీ నాటి మూలపిండినే నేటికీ మేపుతున్నామని చెప్పుకుంటుంది. బెల్జియంలోని సాంక్ట్ వీత్‌లో అయితే దేశదేశాల స్టార్టర్లకు ఏకంగా ఒక గ్రంథాలయమే ఉంది, ఫ్రిజ్‌లలో వరసగా సీసాలు. ఇంతటి వైభవం చూశాక మన ఇంటి సీసాకు ముత్తాతల కథ అల్లకుండా ఉండగలమా? 2021లో 500 స్టార్టర్లను పరిశీలించిన శాస్త్రవేత్తలకు, ఊరిని బట్టి సీసాలోని జీవులు పెద్దగా మారుతున్నట్టు కనబడలేదు. శాస్త్రవేత్తలకు వంశాభిమానం తక్కువ. వారిని క్షమించవచ్చు.

క్షమించరానివారు వేరే ఉన్నారు. 20 గ్రాముల స్టార్టర్ చాలంటారు వీళ్లు. దాన్ని ఫ్రిజ్‌లో పడేసి వారానికోసారి పలకరిస్తే సరిపోతుందట. కాల్చే ముందు రాత్రి తీసి 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలిపితే పొద్దుటికి 120 గ్రాములు. అందులో 100 గ్రాములు అరకిలో పిండికి, 350 గ్రాముల నీళ్లకు, 10 గ్రాముల ఉప్పుకు. మిగిలిన 20 తిరిగి ఫ్రిజ్‌లోకి. పారేయడానికి చెంచాడు పిండి కూడా మిగలదు.

ఈ ప్రచారం పర్యవసానాలు ఒక్కసారి ఊహించండి. డిస్కార్డ్ లేకపోతే మంగళవారం రాత్రి ఎవరికేం కావాలో అడిగి వండాల్సి వస్తుంది. సాయంత్రాలు ఖాళీ అవుతాయి, ఆ ఖాళీలో కుటుంబసభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వస్తుంది. పెళ్లికి వేళకు చేరుకుని, అక్కడ చెప్పుకోవడానికి ఒక్క త్యాగమైనా లేక మామూలు మనుషుల్లా భోంచేసి రావాల్సి వస్తుంది. అందుచేత అలాంటివారి ఇళ్లకు భోజనానికి వెళ్లకండి. మొహమాటపడి వెళ్లినా, బ్రెడ్ బాగుందని మాత్రం పొరపాటున కూడా అనకండి. మరో ముక్క కావాలంటే కంత సరిగ్గా రాలేదని పెదవి విరిచి, ఆ తర్వాతే తీసుకోండి.