మహారాజశ్రీ చింతచిగురు వారి సముఖమునకు

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరమూ క్షేమమని రాయాలనే ఉంది గానీ, నా బొటనవేళ్ల గోళ్లు ఈ ఉదయానికీ నల్లగానే ఉన్నాయి కనుక అంత అబద్ధం ఆడలేకపోతున్నాను.

నిన్న ఆదివారం రైతు బజారులో తమరు గోనెపట్టా మీద గుట్టగా, లేత ఎరుపు కలిసిన పచ్చదనంతో దర్శనమిచ్చారు. పావుకిలో 120 రూపాయలన్నారు. పక్కనే గోంగూర కట్టలు చవగ్గా వస్తామని పిలుస్తున్నా కన్నెత్తి చూడకుండా, నేనూ నా స్నేహితురాలూ అరకిలో తూయించుకున్నాము. పైన లేతాకు పేర్చి అడుగున ముదురాకు దాచిన సంగతి ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు. అది అమ్మినవారి హస్తకళ, తమరి తప్పు కాదు కనుక వదిలేస్తున్నాను. ఏడాదంతా ఊరించి, తీరా వచ్చాక నాలుగు వారాలైనా నిలకడగా లేతగా ఉండరన్నదీ పాత ఫిర్యాదే.

నేను వదలలేనిది తమరిని ఏరడం.

పదకొండు గంటలకు హాల్లో పాత వార్తాపత్రిక పరచుకుని ఎదురెదురుగా కూర్చున్నాము. ఫ్యాను వేసిన మరుక్షణం తమరు లేచి సోఫా కిందికీ, టీవీ వెనక్కీ, నా స్నేహితురాలి జడలోకీ ప్రయాణం కట్టారు కనుక దాన్ని ఆపక తప్పలేదు. ఏప్రిల్ నెలాఖరు హైదరాబాదు ఎండలో, కరెంటు ఉండి కూడా ఫ్యాను ఆపుకుని, చెమట కళ్లలోకి కారుతుంటే, గోటి మొనంత ఆకును వెంట్రుకంత ఈనె నుంచి విడదీస్తున్న ఇద్దరు చదువుకున్న ఆడవాళ్లను చూసి తమరు లోలోపల నవ్వుకునే ఉంటారు. "ఇంకెంతసేపే?" అని నేనడిగిన ప్రతిసారీ ఆవిడ "ఏం గాదు, ఒక్క గుప్పెడే ఉన్నది" అంటూ వచ్చింది. ఆ ఒక్క గుప్పెడు రెండున్నర గంటలు పట్టింది. అరచేతుల మధ్య నలిపి, పుల్లలు చెరిగి, ముదురు తీసిపారేస్తే పళ్లెంలో మిగిలింది చూసి మేమిద్దరమూ కాసేపు మాట్లాడుకోలేదు.

ఆ నీరసంలోనే అపచారం జరిగింది. వేరే గిన్నె తోమే పని తప్పుతుందని ఆవిడ కందిపప్పూ తమరినీ కలిపి కుక్కరులో పడేసింది. పులుపు తగిలిన పప్పు బిరుసెక్కుతుందని, ముందు పప్పు మెత్తగా ఉడికాకే చిగురు వేయాలని నాకు తెలుసు, తెలిసీ నోరెత్తే ఓపిక లేక ఊరుకున్నాను. ఐదు విజిల్స్ వచ్చాయి. మూత తీస్తే పప్పు బద్దలు ఎక్కడివక్కడే గులకరాళ్లలా ఉన్నాయి, తమరు మాత్రం ఆ పచ్చదనమంతా పోగొట్టుకుని, మాసిన ఖాకీ రంగులో, ఉన్నారో లేరో తెలియకుండా కరిగిపోయారు. మరో ఆరు విజిల్స్. బద్దలు అలాగే ఉన్నాయి.

ఇక మర్యాద నా వల్ల కాదు. విను చింతచిగురూ, మా పూటంతా తిన్నావు, మా వేళ్లు తిన్నావు, చివరికి మేం తినవలసిన పప్పును కూడా ఉడకనివ్వలేదు! 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు సుమారు 150 మందిని కొమ్మల మీద నిలబెట్టి ప్రాణాలు కాపాడిన చెట్టు నీ వంశానిదే; ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో దాన్ని చూసి నేను చేతులెత్తి దండం పెట్టాను. అంతటి వంశంలో పుట్టి, ఇద్దరు మనుషులకు ఒక్క పూట అన్నం పెట్టడానికి ఇంత ఏడిపిస్తావా?

కోపం వచ్చి ఏకవచనం దొర్లింది, మన్నించండి.

మూడు దాటాక వేరేగా పప్పు ఉడికించి, మెదిపి, మీరున్న ఆ బిరుసు పప్పును అందులో కలిపి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ దండిగా వేసి పోపు పెట్టాము. అన్నంలో నెయ్యి వేసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆవిడ నా వంక చూడలేదు, నేనూ చూడలేదు. మధ్యమధ్య పంటికింద ఒక బద్ద కటుక్కుమన్నా ఎవరమూ ప్రస్తావించలేదు. గిన్నె అడుగు తుడుచుకున్నది ఆవిడే, దానికి నేను నొచ్చుకున్న మాట కూడా వాస్తవం.

చెయ్యి కడుక్కుంటూ ఆవిడ, "వచ్చే ఆదివారం మాంసంల వేద్దామె, చిగుర్ గోష్ట్" అంది. దానికి కనీసం కిలో కావాలట. ఫ్యాను సంగతి గుర్తు చేద్దామని నోరు తెరిచి, పచ్చిమిరపకాయలు ఎన్ని పడతాయని అడిగాను.

కనుక ఆదివారం దాకా ముదరకుండా ఉండవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఫ్యాను ఆపుకుని కూర్చోబోయే
తమ విధేయురాలు