రెండో లైనే లేదు, బుల్లెట్ రైలా?

2026–27 కేంద్ర బడ్జెట్లో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లు ప్రకటించగానే హైదరాబాద్‌లో పండగ వాతావరణం కనిపించింది. ఏడింటిలో మూడు మన నగరాన్ని తాకేవే: పుణె, బెంగళూరు, చెన్నై. బెంగళూరుకు దాదాపు రెండు గంటలేనని రైల్వే మంత్రి లెక్క చెప్పారు. పాలమూరు, నల్లగొండ జనం చప్పట్లు కొట్టేముందు తమ ఊరి మీదుగా ఎన్ని లైన్లు పోతున్నాయో ఒకసారి చూసుకోవాలి.

కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ సంగతే తీసుకోండి. 2023 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు 609 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటల టైం ఇచ్చారు. అంటే సగటు వేగం గంటకు 72 కిలోమీటర్లు. ఆ రైలు 160 అందుకోగలదు. దారి ఇవ్వని వేగం రైలు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఆ దారిలో మహబూబ్‌నగర్ దాకా డబ్లింగ్, అంటే రెండో లైను వేయడం, 2022లో అయిపోయింది. అక్కడి నుంచి దేవరకద్ర, వనపర్తి రోడ్, గద్వాల, కర్నూలు మీదుగా డోన్ దాకా రెండో లైను పని ఇంకా పూర్తి కాలేదు. సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య రైళ్లు ఎదురెదురుగా నడవలేవు. ఎదురుగా గూడ్సు బయల్దేరిందా, అది వచ్చి చేరేదాకా ఇవతలి రైలుకు లైన్ క్లియర్ దొరకదు. స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లనుకుంటే, 45 వేగంతో వచ్చే గూడ్సుకే 13 నిమిషాలు. స్టేషన్లో పక్కకు తప్పుకునే లూప్ లైనులోకి మళ్లేటప్పుడు, పట్టాలు మార్చే పాయింట్ల మీద అది 30కి తగ్గాలి. చివరి వ్యాగన్ కూడా లోపలికి వచ్చాక పాయింట్లు తిప్పాలి, సిగ్నల్ పడాలి, ఆగిన రైలు మళ్లీ ఊపందుకోవాలి. ఒక్క క్రాసింగ్‌కు ఇరవై నిమిషాలు హారతి కర్పూరం.

ఇప్పుడు అవతలి లెక్క. వంద కిలోమీటర్ల దూరంలో వేగాన్ని 130 నుంచి 160కి పెంచితే మిగిలేది తొమ్మిది నిమిషాల లోపే. ఆ ఆదాకు రెండింతలు ఒక్క క్రాసింగ్ మింగేస్తుంది. అన్నట్టు, రెండు గూడ్సు రైళ్లను కలిపి ఒకటిగా నడిపే పద్ధతి ఒకటి వచ్చింది. దాని పొడవు సుమారు 1.4 కిలోమీటర్లు, మన లూప్ లైన్లేమో 700 మీటర్ల చిల్లర. అది లూప్‌లో పట్టదు గనుక పక్కకు తప్పుకోవాల్సింది ప్యాసింజర్ బండే. వందేభారత్‌కు ముందు దారి ఇస్తారు. ఆ దారి కోసం ఏ స్టేషన్లోనో అరగంట కూర్చునేది మామూలు రైలెక్కిన కూలీ.

నల్లగొండ వైపు కథ ఇంతే. బీబీనగర్–గుంటూరు లైనులో తెలంగాణ చివరన విష్ణుపురం చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, పక్కనే దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. వాటి గూడ్సులతో పాటు సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ పోయేది కూడా ఇదే పట్టాల మీద.

మందు లేదా అంటే ఉంది, 2023 ఆగస్టులోనే మంజూరైంది. గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు రూ.3,238 కోట్లు, ముద్ఖేడ్–మేడ్చల్, మహబూబ్‌నగర్–డోన్ కలిపి 418 కిలోమీటర్లకు రూ.5,655 కోట్లు. కిలోమీటరుకు పదమూడున్నర కోట్లు పడుతుంది. ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ లైను 508 కిలోమీటర్లకు పాత అంచనాయే రూ.1.08 లక్షల కోట్లు, అంటే కిలోమీటరుకు 210 కోట్ల పైమాట. ఆ లైను ఒక కిలోమీటరు ఖర్చుతో ఇక్కడ పదిహేను కిలోమీటర్ల డబ్లింగ్ అవుతుంది. పైగా దాని పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు, మనది 1,676. ఇక్కడా అదే పద్ధతి తెస్తే మన ఎక్స్‌ప్రెస్ గానీ, గూడ్సు గానీ ఒక్కటి కూడా దాని మీదికి ఎక్కదు.

వేగం వద్దంటారా, జపాన్‌ను చూడండి అనేవాళ్లున్నారు. చూద్దాం. 1964లో టోక్యో–ఒసాకా మధ్య షింకాన్‌సెన్ వేసింది పాత డబుల్ లైను నిండిపోయి, ఇక రైళ్లు పట్టవని తేలాక. అది సరైన నిర్ణయమే. మనం రెండో లైను పూర్తి చేయకుండానే ఆ మెట్టు ఎక్కాలంటున్నాం. మన పని వేగమూ తెలిసిందే: 1997–98లో మంజూరైన మహబూబ్‌నగర్–మునిరాబాద్ లైనులో జక్లేర్–కృష్ణ మధ్య 37 కిలోమీటర్లు ప్రారంభమయ్యేసరికి 2023 అక్టోబర్ వచ్చింది.

బెంగళూరుకు ఏ గీత గీసినా ఉమ్మడి పాలమూరును దాటాల్సిందే. 320 వేగంతో వచ్చే రైలు ఒకచోట ఆగి మళ్లీ అంత వేగం అందుకోవాలంటే ఐదారు నిమిషాలు పోతాయి. రెండు గంటల మాట నిలబెట్టుకోవాలంటే జడ్చర్లలో ఆగదు, గద్వాలలో ఆగదు. ముంబై లైనులో వంపుల కనీస వ్యాసార్ధం ఆరు కిలోమీటర్లు. అలాంటి గీత ఒకరి బావి కోసమో, తోట కోసమో పక్కకు జరగదు.

భూమి ఇవ్వడం ఈ జిల్లాకు కొత్త గాదు. శ్రీశైలం నీళ్లలో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు మునిగాయి. 1986 నాటి జీవో 98 కింద రావాల్సిన ఉద్యోగాల కోసం నిర్వాసితుల పిల్లలు నడివయసుకొచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఈసారి మోసం ఎక్కడ జరగబోతుందో ముందే తెలుసు. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం ధర కట్టేది ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువను బట్టి, లేదా గత మూడేళ్ల అమ్మకం దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటును బట్టి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మన దగ్గర ఎకరం ఎంతకు అమ్మినా కాగితం మీద రాసేది ప్రభుత్వ విలువే. అందుకని రెండు లెక్కలూ ఒకే తక్కువ అంకె దగ్గర తేలుతాయి. చట్టం ప్రకారం దాన్ని రెట్లు చేసి ఇచ్చినా బయటి ధరకు అందదు.

ధర లెక్కకు పట్టేది నోటిఫికేషన్ తేదీనే. అది పడ్డాక విలువలు సవరించి లాభం లేదు. షాద్‌నగర్ నుంచి అలంపూర్ దాకా గ్రామాల వారీ రిజిస్ట్రేషన్ విలువలను రాష్ట్ర ప్రభుత్వం సవరించాల్సింది సర్వే రాళ్లు పాతకముందే.