పదిహేను రోజుల్లో జేసీబీ ఆపరేటర్‌ని చేసేస్తారట!

శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “టెన్త్ ఫెయిలైనా పర్వాలేదు. 15 రోజుల్లో జేసీబీ, పొక్లెయిన్ నేర్పిస్తాం. మా సర్టిఫికెట్టే లైసెన్సు. నెలకు 60 వేలు గ్యారంటీ. ఆరు నెలల్లో గల్ఫ్” అని దాని సారాంశం. భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు ఉండగా పనికి కొదవేముంది అని తోక కూడా తగిలించారు. అప్పు చేసైనా ఫీజు కట్టేద్దామనుకునే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అందుకే ఒక్కో మాటా విప్పి చూద్దాం.

ముందు ఆ 15 రోజుల సంగతి. లీవర్లు ఆడించడం ఆ మాత్రం టైములో వచ్చేస్తుంది, కాదనను. ఎక్కువ పొక్లెయిన్లలో ఎడమచేతి జాయ్‌స్టిక్‌తో క్యాబిన్ తిరుగుతుంది, ఆర్మ్ (బకెట్ తగిలించిన చిన్న చెయ్యి) ముందుకూ వెనక్కూ పోతుంది. కుడిచేతి దానితో బూమ్ (మిషన్‌కి ఉండే పెద్ద చెయ్యి), బకెట్ కదులుతాయి. విడివిడిగా ఎవరైనా చేస్తారు. నాలుగూ కలిసి, నిండు బకెట్ కుదుపు లేకుండా టిప్పర్ మీదికి చేరాలంటే నెలలు పడుతుంది. అదీ చెయ్యి తిరగడం వరకే.

అసలు పని కళ్లది. తవ్విన మట్టిని గోతి అంచునే పోస్తే ఆ బరువుకి గట్టు విరిగి, లోపల పైపు వేస్తున్న మనిషి మీద పడుతుంది. ఒక క్యూబిక్ మీటరు తడి మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. బూమ్ ఎత్తేముందు పైన 11 కేవీ కరెంటు లైను ఉందా, తిరిగేముందు వెనకవైపు ఎవరైనా నిలబడ్డారా, జేసీబీ అయితే మిషన్ ఊగకుండా ఆనించే వెనక కాళ్లు రెండూ గట్టి నేల మీదే దిగాయా అన్నది అలవాటైపోవాలి. మనవైపు కుర్రాళ్లు ఇదంతా హెల్పర్‌గా చేరి నేర్చుకున్నారు. పొద్దున్నే పిన్నులకు గ్రీజు కొట్టడం, ఆయిల్ మట్టం చూడటం, మిషన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే అవర్ మీటర్ రీడింగ్ రాయడం, సీనియర్ భోజనానికి దిగితే కాసేపు సీట్లో కూర్చోవడం. పద్ధతి మొరటుదే. లీవరు ముట్టనివ్వకుండా ఏడిపించే సీనియర్లూ ఉంటారు. మంచి శిక్షణ కేంద్రం దొరికితే ఆ బాధ తగ్గుతుంది కాబట్టి కోర్సే దండగ అని నేననను. ఫీజు కట్టేముందు మాత్రం ఒక్కొక్కరికి మిషన్ మీద ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. ముప్పైమందికి ఒకటే మిషన్ అంటే లెక్క మీరే వేసుకోవచ్చు.

“సర్టిఫికెట్టే లైసెన్సు” అన్నది శుద్ధ అబద్ధం. టైర్ల జేసీబీ రోడ్డెక్కితే అది మోటారు వాహనమే. ఆ తరహా వాహనం నడపొచ్చని లైసెన్సులో ఎక్కించేది రవాణా శాఖ, కోర్సు పెట్టినవాళ్లు కాదు. రోడ్డు మీద ఏదైనా జరిగితే బీమా వాళ్లు ముందు అడిగేది అదే. చైన్ మీద నడిచే పొక్లెయిన్ ట్రైలర్ ఎక్కి సైటుకు వెళ్తుంది కాబట్టి దాని సంగతి వేరు. టెక్కలి గ్రానైట్ క్వారీల్లో చేరాలనుకుంటే గనుల నిబంధనలు వర్తిస్తాయి. 18 ఏళ్లు నిండాలి, మెడికల్ పరీక్ష ఉంటుంది, గని శిక్షణ వేరేగా ఉంటుంది.

ఇక 60 వేలు. మిషన్‌కి కిరాయి గంటల లెక్కన వస్తుంది, ఆపరేటర్‌కి జీతం మీద బత్తా ఉంటుంది. మిషన్ తిరగకపోతే బత్తా ఎక్కడిది? వానాకాలంలో మట్టిపని ఆగుతుంది. (తుపాను వస్తే లెక్క తిరగబడుతుందనుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేశాక, పడిపోయిన చెట్లు తియ్యడానికి మిషన్ దొరకడమే కష్టమైంది.) పెద్ద ప్రాజెక్టుల్లో కాంట్రాక్టర్లు తమ పాత ఆపరేటర్లను వెంట తెచ్చుకోవడం మామూలే. పైగా మట్టిపని అయ్యాక ఆ మిషన్లు ఇంకో జిల్లాకి పోతాయి. రాయపూర్ - విశాఖ ఆరు వరసల రోడ్డు లాంటివి ఎన్ని వచ్చినా కొత్త కుర్రాడికి మొదట దొరికేది ఊళ్లో జేసీబీ ఓనరు దగ్గర పనే. ఆ జీతానికి గ్యారంటీ ఇవ్వగలిగేది ఆ ఓనరే, మెసేజ్ పంపినవాడు కాదు.

టెన్త్ ఫెయిలైనా పర్వాలేదన్నది చాలావరకు నిజమే. కానీ అదే నోటితో గల్ఫ్ అంటున్నారు చూడండి, చిక్కంతా అక్కడుంది. టెన్త్ పాస్ కానివాళ్లకు మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు వస్తుంది. దానితో గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, ఉండాలి. విజిట్ వీసా మీద ఎక్కించేస్తాం అనేవాడు ఆ క్లియరెన్స్‌ని దాటవేస్తున్నాడన్నమాట. చాలాచోట్ల మన లైసెన్సు చెల్లదు, అక్కడి పరీక్ష పాసవ్వాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ఫోన్లోనే చూసుకోవచ్చు. కాంట్రాక్టు కాగితంలో ఆపరేటర్ అని రాశారా, లేబర్ అని రాశారా అన్నది కూడా పాస్‌పోర్టు ఇవ్వకముందే చదివించుకోండి. లేబర్ అని ఉంటే అక్కడికి వెళ్లాక చేతికొచ్చేది జాయ్‌స్టిక్ కాదు, పార.