చెవులు మూసుకున్న పిల్లవాడికి వినబడుతున్నది వైఫై కాదు

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల మధ్య ఒక సందేశం కొన్నేళ్లుగా చక్కర్లు కొడుతూనే ఉంది. మాటలు అక్కడక్కడ మారినా సారం ఒక్కటే. సెల్‌ఫోన్లు, వైఫై రాకముందు ఆటిజం లేదని, అవి పెరిగిన కొద్దీ ఇదీ పెరిగిందని అందులో ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లల శరీరం ఆ తరంగాలను పసిగడుతుందని, కరెంటు పరికరాల దగ్గర వాళ్లు చెవులు మూసుకునేది అందుకేనని, ఈ సంగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుందని ఉంటుంది. రౌటర్‌ను ఒక్క వారం ఆపి చూడమని, ఆపలేనివారు రేడియేషన్‌ను అడ్డుకునే బిళ్ల కొని పిల్లల మెడలో వేయమని చివర సలహా ఉంటుంది. ఇంత పొడుగు సందేశంలో నిజం ఒకే ఒక్క ముక్క: ఆటిజం ఉన్న చాలామందిని విద్యుత్ పరికరాలు నిజంగానే బాధపెడతాయి. తక్కినవన్నీ ఆ ఒక్క నిజం కొంగు పట్టుకుని లోపలికి వచ్చినవే కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి.

మొదటిది, సెల్‌ఫోన్లకు ముందు ఆటిజం లేదన్న మాట. లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన ప్రసిద్ధ వ్యాసం 1943లో వచ్చింది. అందులోని మొదటి పిల్లవాడు 1933లో పుట్టినవాడు. చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్‌తో తొలి కాల్ చేసింది 1973లో. వైఫైకి ఆధారమైన సాంకేతిక ప్రమాణం వెలువడింది 1997లో. ఫలితం ముందు పుట్టి కారణం దశాబ్దాల తరువాత పుట్టడం సాధ్యం కాదు.

ఇక లెక్కలు పెరిగిన మాట నిజమే. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లలను గమనించే సర్వేలో 2000లో 150 మందికి ఒకరుగా ఉన్న సంఖ్య 2022 నాటికి 31 మందికి ఒకరు అయింది. అయితే ఇదే కాలంలో కొలిచే గిన్నె కూడా పెద్దదవుతూ వచ్చింది. మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో 1980లో చాలా ఇరుకుగా ఉన్న నిర్వచనం 1987లో, 1994లో విస్తరించింది. 2013లో పలు రకాలను కలిపి ఒకే గొడుగు కిందికి తెచ్చారు. ఒకప్పుడు బుద్ధిమాంద్యం అని రాసి వదిలేసిన పిల్లలు, నెమ్మదస్తురాలని సరిపెట్టుకున్న ఆడపిల్లలు, మాటలు బాగా వచ్చినందువల్ల ఎవరి దృష్టికీ రానివాళ్లు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నారు. వైఫై పెరగడం, ఈ అంకె పెరగడం ఒకే కాలంలో జరగడం కాకి వాలడం, తాటిపండు పడడం వంటిది. కారణాల సంగతికి వస్తే, ఐదు దేశాలలో 20 లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ఆటిజం రావడంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 80 శాతం జన్యువులకు సంబంధించినదని అంచనా వేసింది. మిగిలినదానిలో నెలలు బాగా తక్కువై పుట్టడం, గర్భిణి వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడడం వంటి వాటికి ఆధారాలున్నాయి, రౌటర్‌కు లేవు.

రెండో మాట దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే తల్లిదండ్రులు కళ్లారా చూసినది ఇక్కడే ఉంది. పిల్లవాడు ఒక పరికరం దగ్గరికి రాగానే చెవులు మూసుకుంటాడు, గది మారగానే కుదుటపడతాడు. చూసినవాళ్లకు ఏమీ వినబడదు, ఏమీ కనబడదు. కనబడనిది, వినబడనిది అంటే తరంగాలే కదా అని సందేశం తీర్మానిస్తుంది. పెద్దవాళ్లకు వినబడనంత మాత్రాన అక్కడ శబ్దం లేదని మాత్రం ఎవరన్నారు?

రాత్రి ఇల్లు సద్దుమణిగాక గోడకు పెట్టిన ఛార్జర్‌కు దగ్గరగా చెవి పెట్టి వినండి. కొన్నింటిలో సన్నటి కీచుధ్వని వినబడుతుంది. లోపలి తీగచుట్టలు, కెపాసిటర్లు కరెంటు మారే కొద్దీ కంపించడం వల్ల పుట్టే శబ్దమది. 50 హెర్ట్జ్ కరెంటు, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు మీద నడిచే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఊపుకు రెండేసి చొప్పున సెకనుకు 100 సార్లు అదురుతూ గుయ్‌మంటుంది. పాత చోక్‌తో వెలిగే ట్యూబ్‌లైట్ అదే లెక్కన సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, చాలామంది కంటికి అది స్థిరమైన వెలుగులాగే కనిపిస్తుంది. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులలోనూ ఈ మిణుకు ఉంటుంది. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి బల్బు వైపు తిప్పితే చారలు కదులుతూ కనిపిస్తాయి. పాత డబ్బా టీవీలు కొన్ని దేశాలలో 15,625 హెర్ట్జ్ దగ్గర సన్నగా కూసేవి. పిల్లలు పక్క గదిలో నుంచే టీవీ వేసి ఉందని చెప్పేవారు, వయసుతోపాటు ఎత్తు స్వరాలు వినే శక్తి తగ్గిన పెద్దలు నమ్మేవారు కారు.

సందేశంలో అందరినీ ఆకట్టుకునే ఉదాహరణ మరొకటుంది: ఫోన్ మోగడానికి ముందే పిల్లవాడికి తెలిసిపోతుందని. పాత 2జీ ఫోన్ స్పీకర్ పక్కన పెట్టుకున్నవారికి ఈ రహస్యం తెలిసే ఉంటుంది. కాల్ రాబోయే ముందు ఫోన్ టవర్‌కు బదులిస్తూ సెకనుకు దాదాపు 217 సార్లు చిన్న చిన్న విడతలుగా తరంగాలు పంపుతుంది, స్పీకర్ తీగలు వాటిని పట్టుకుంటాయి, డిర్‌ర్ డిర్‌ర్ అన్న చప్పుడు వస్తుంది. తరంగాన్ని పట్టింది స్పీకర్. పిల్లవాడు విన్నది చప్పుడు.

ఈ శబ్దాలు చిన్నవే అయినా కొందరికి ఎందుకు భరించరానివి అవుతాయన్నది అసలు ప్రశ్న. ఫ్యాన్ చప్పుడు మనకు పది నిమిషాలలో వినబడడం మానేస్తుంది, మెదడు దానికి అలవాటు పడి పక్కకు నెట్టేస్తుంది కాబట్టి. ఆటిజం ఉన్న పలువురిలో ఈ అలవాటుపడడం నెమ్మదిగా, తక్కువగా జరుగుతుందని మెదడు స్కానింగ్ అధ్యయనాలు చూపాయి. చప్పుడు పెద్దది కానక్కరలేదు, ఆగకపోతే చాలు.

కానర్ 1943లోనే రాసిన ఒక వివరం ఈ చర్చకు అన్నిటికన్నా పనికొస్తుంది. ఆ పిల్లలలో కొందరు లిఫ్టులకు, వాక్యూమ్ క్లీనర్లకు, గుడ్లు గిలకొట్టే మరకు, చివరకు గాలి వీచే చప్పుడుకు కూడా హడలిపోయేవారట. ఒక బిడ్డ వాక్యూమ్ క్లీనర్ దాచిపెట్టిన అలమర దగ్గరికి వెళ్లడానికే భయపడేదట. అలమరలో ఉన్న యంత్రానికి ప్లగ్గు లేదు, కరెంటు లేదు, తరంగాల మాటే లేదు. ఉన్నదల్లా, అది మోగినప్పుడు పడిన బాధ తాలూకు జ్ఞాపకం. ఇవాళ ఆపేసిన రౌటర్‌ను చూసి ఒక బిడ్డ వెనకడుగు వేస్తే, దానికి వివరణ ఎనభై ఏళ్ల కిందటి ఆ అలమరలో ఉంది.

తరంగాలను నేరుగా పసిగట్టే మాట కూడా పరీక్షకు నిలబడలేదు. తమ శరీరానికి తరంగాలు తెలుస్తాయని చెప్పేవారిని కూర్చోబెట్టి, పరికరం ఆన్‌లో ఉందో లేదో వారికి తెలియకుండా చేసిన 31 ప్రయోగాలను 2005లో ఒకచోట చేర్చి సమీక్షించారు; పాల్గొన్నవారు 725 మంది. 24 ప్రయోగాలలో ఏ ప్రభావమూ కనబడలేదు, మిగిలిన ఏడింటిలో కనబడినవి మళ్లీ చేసినప్పుడు నిలవలేదు, లేదా గణాంకాల పొరపాటని తేలింది, లేదా ఒకదానికొకటి పొసగలేదు. వీరంతా ఆటిజం ఉన్నవారు కారన్నది నిజమే. కానీ అలాంటి ఇంద్రియం మనిషికి ఉందని చెప్పేవారే ముందు దాన్ని చూపవలసి ఉంది. 2013లో వెలువడిన మరో ప్రయోగంలో 147 మందిలో కొందరికి వైఫై ప్రమాదాల మీద టీవీ కథనాన్ని, మిగిలినవారికి సంబంధంలేని కథనాన్ని చూపించి, తరువాత అందరికీ వైఫై పెడుతున్నామని చెప్పి 15 నిమిషాలు కూర్చోబెట్టారు. నిజానికి ఏ తరంగమూ పెట్టలేదు. సగానికి పైగా మంది ఏదో ఒక ఇబ్బంది కలిగిందన్నారు. ముందే ఆందోళన ఎక్కువగా ఉండి ఆ కథనం చూసినవారిలో ఇబ్బంది మరింత ఎక్కువ. భయం కలిగించే సందేశం ఒంటిమీద ఎలా పనిచేస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుందన్న మూడో మాట సగం వాక్యాన్ని కత్తిరించి అతికించినది. 2005లో ఆ సంస్థ విడుదల చేసిన పత్రం బాధితుల లక్షణాలు నిజమైనవేనని చెప్పి, వాటిని విద్యుదయస్కాంత క్షేత్రాలతో ముడిపెట్టడానికి శాస్త్రీయ ఆధారం లేదని అక్కడే చెప్పింది. 2011లో దాని క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను '2బి' వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు అనే వర్గంలో పెట్టింది నిజమే, అది క్యాన్సర్ గురించి, ఆటిజం గురించి కాదు. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా ఆ వర్గంలోనే ఉంది. రేడియేషన్ అన్న మాట అణుబాంబును గుర్తుకు తెస్తుంది కానీ, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగపు ఒక్కో కణానికి ఉండే శక్తి అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి కావలసినదానిలో సుమారు పది లక్షలలో ఒక వంతు మాత్రమే.

రౌటర్‌ను వారం రోజులు ఆపితే మార్పు కనిపించవచ్చు, నేను కాదనను. రౌటర్‌తో పాటు రాత్రి పదింటి వీడియోలు ఆగుతాయి, తల్లిదండ్రుల చేతిలోని ఫోన్లు పక్కకు వెళతాయి, ఇంట్లో చప్పుడు తగ్గుతుంది, అందరూ మార్పు కోసం కళ్లు విప్పార్చుకుని ఎదురుచూస్తుంటారు. తేల్చుకోవాలంటే రౌటర్‌ను డబ్బాలో దాచి, అందరూ నిద్రపోయాక ఒక మూడో మనిషి నాణెం ఎగరేసి ఆపడమో ఉంచడమో చేసి తెల్లవారేలోగా మళ్లీ ఆన్ చేయాలి. ఆ సంగతి తెలియకుండా ఇంట్లోవాళ్లు నెల రోజులు నిద్ర లెక్క రాయాలి.

మెడలో బిళ్లల గురించి రెండు మాటలు చాలు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ అలాంటి పది వస్తువులను పరీక్షించి, అవే అయనీకరణ రేడియేషన్‌ను, అంటే అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను నిజంగానే ఊడబెరికే రకాన్ని వెదజల్లుతున్నాయని, ధరించవద్దని హెచ్చరించింది.

వీటికి పెట్టే డబ్బు, శ్రద్ధ నిజమైన కారణాల వైపు మళ్లితే చేయవలసిన పనులు చిన్నవే: చోక్ ట్యూబ్‌లైట్ మార్చడం, కీచుమనే ఛార్జర్‌ను పడకగది నుంచి తీసేయడం, మిక్సీ వేసే ముందు చెప్పడం, చెవులకు శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు ఇవ్వడం. ఇంద్రియ సున్నితత్వం నిర్ధారణ ప్రమాణాలలోకి ఎక్కిందే 2013లో. అంతకుముందు ఈ ఫిర్యాదులను మొండితనమని కొట్టిపారేసిన వైద్యులు, ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్లు వినలేదు కాబట్టే ఈ సందేశానికి అంత ఆదరణ దొరికిందని నా అభిప్రాయం. అయితే తరంగాల భయంతో ఇంట్లోంచి టాబ్లెట్‌ను తీసేసేవారు ఒక్కటి గమనించాలి. మాట రాని పిల్లలలో చాలామంది తెరమీద బొమ్మలను నొక్కి మాట్లాడతారు. 'చప్పుడు, చెవి నొప్పి' అని చెప్పే రెండు బొమ్మలు ఉన్నది ఆ టాబ్లెట్‌లోనే.