దేశభాషలందు తెలుగు లెస్స: ఫార్వర్డులో ఒకటి, పద్యంలో ఒకటి

తెలుగు భాషా దినోత్సవం, ఆగస్టు 29, దగ్గరపడితే చాలు, విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "శ్రీకృష్ణదేవరాయలు భువనవిజయంలో అష్టదిగ్గజాల ఎదుట 'దేశభాషలందు తెలుగు లెస్స' అని ప్రకటించాడు. ఆ మాట మొట్టమొదట అన్నది ఆయనే. తన మాతృభాష అయిన తెలుగు సంస్కృతంతో సహా ప్రపంచ భాషలన్నిటికన్నా గొప్పదని, రాజులంతా తెలుగునే కొలిచారని దాని అర్థం. శ్రీకాకుళంలో పుట్టిన పద్యమిది." అడుగున ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం పట్టణం ఫొటో. బడిపిల్లల వక్తృత్వ పోటీల దగ్గర్నుంచి సభల్లో ఫ్లెక్సీల దాకా సరుకు ఇక్కడినుంచే వెళ్తోంది కాబట్టి, ఒక్కో మాటనూ పద్యం పక్కన పెట్టి చూద్దాం.

ముందు పద్యం మొత్తం. రాయలు రాసిన కావ్యం ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో పదిహేనో పద్యం దగ్గర దొరుకుతుంది. అచ్చుప్రతిని బట్టి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు.

తెలుఁగ దేల యన్న దేశంబు తెలుఁగేను
తెలుఁగు వల్లభుండఁ దెలుఁ గొకండ
యెల్ల నృపులు గొలువ నెఱుఁగవే బాసాడి
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స

"రాయలు కొలువులో ప్రకటించాడు" అన్నది మొదటి తప్పు, మిగతా తప్పులన్నిటికీ తల్లివేరు కూడా. ఈ పద్యంలో మాట్లాడుతున్నది రాయలు కాదు. ఆయన వింటున్నాడు. నాలుగు పద్యాలు వెనక్కి వెళ్తే సన్నివేశం చెప్పే వచనం ఉంటుంది: కళింగం మీద దండెత్తి వెళ్తూ రాయలు విజయవాటిలో, అంటే మన విజయవాడలో, కొన్నాళ్లు ఆగాడు. అక్కణ్నుంచి శ్రీకాకుళం వెళ్లి ఆంధ్రవిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం చేశాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించాడు. సంస్కృతంలో మదాలసచరిత్ర మొదలైనవి రాశావు, నీకు ఆంధ్రభాష అసాధ్యమా, మాకు ప్రియంగా అందులో ఒక కృతి చెయ్యి అన్నాడు. ఏ కథ రాయాలో, అది ఎందుకో తర్వాతి పద్యంలో చెప్పాడు: తాను ముడిచిన మాలను స్వామికిచ్చిన గోదాదేవి పెళ్లికథ. మన పద్యం ఆ తర్వాత వస్తుంది.

ఆ వరసలో చదివితే మొదటి పాదం ఎందుకుందో తెలుస్తుంది. "తెలుగే ఎందుకు అంటావేమో" అని రాజుకు రాబోయే సందేహాన్ని దేవుడే ముందుగా అందుకుంటున్నాడు. తర్వాత కారణాలు: ఈ దేశం తెలుగుది, నేను తెలుగు వల్లభుణ్ని, ఎందరో రాజులు నిన్ను కొలుస్తుంటే వారితో మాట్లాడినవాడివి, నీకు తెలియదా, దేశభాషల్లో తెలుగు లెస్స, అంటే మేలైనది. అప్పటిదాకా సంస్కృతంలో రాసిన రాజును తెలుగులోకి దించడానికి చేసిన వాదన ఇది. ఆఖరి పాదాన్ని మాత్రం కత్తిరిస్తే ప్రశ్న పోతుంది, అడిగినవాడు పోతాడు, వాదన కాస్తా నినాదమైపోతుంది.

రాసింది రాయలే కదా, దేవుడి నోట పెట్టిందీ ఆయనే కదా అంటారు. నిజమే. కానీ కవి ఒక మాటను ఎవరి నోట పెట్టాడన్నదే అర్థంలో సగం. దీన్ని పట్టించుకోకపోతే ఎంత దూరం పోతామో పోతన భాగవతం చూపిస్తుంది. "వారిజాక్షులందు వైవాహికములందు" పద్యాన్ని పట్టుకుని, పెళ్లి విషయంలో, ప్రాణం మీదికొస్తే అబద్ధమాడొచ్చని పోతన చెప్పాడని వాడేస్తుంటారు. అది ఎనిమిదో స్కంధంలో వామనుడికి ఇచ్చిన మాట తప్పమని బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చేసిన బోధ. చివరన "అధిప" అన్న పిలుపే ఎవరు ఎవరితో అంటున్నారో పట్టిస్తుంది. బలి ఆ సలహాను తోసిపుచ్చుతూ చెప్పిన జవాబే "కారే రాజులు రాజ్యముల్ గలుగవే" పద్యం. కథ నిలబడింది జవాబు పక్షాన. ఫార్వర్డుల్లో తిరుగుతున్నది సలహా.

భువనవిజయం సంగతి ఎక్కడిదంటారా? ఆ పేరుతో ఆడే సాహిత్య రూపకాల్లో రాయల వేషం వేసినవారు ఈ పద్యం గొంతెత్తి చదువుతుంటారు. వేదిక మీద అది రక్తి కడుతుంది, తప్పుపట్టనక్కర్లేదు. కావ్యంలో మాత్రం ఈ ఘట్టం జరిగేది కొలువులో కాదు, కలలో.

"మొట్టమొదట అన్నది ఆయనే" అన్నదానికి జవాబు మన పక్కనే ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున్న పాత కావ్యం క్రీడాభిరామంలో ఈ పద్యం చూడండి:

జనని సంస్కృతంబు సకల భాషలకును
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స
జగతిఁ దల్లికంటె సౌభాగ్యసంపద
మెచ్చు టాడుబిడ్డ మేలు గాదె

అదే పాదం, అక్షరం తేడా లేకుండా. క్రీడాభిరామం శ్రీనాథుడిదే అని వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పరిశోధకులు వాదించారు. ఆ తగవు ఎటు తేలినా మన లెక్క మారదు: ఇద్దరూ 1509లో రాయలు పట్టానికి రావడానికి ముందువాళ్లే. రెండు పద్యాలూ ఆటవెలదులు. ఆటవెలదిలో రెండు, నాలుగు పాదాలకు అయిదేసి సూర్యగణాలు, అంటే మూడేసి మాత్రల ముక్కలు, కావాలి. దేశ, భాష, లందుఁ, దెలుఁగు, లెస్స: సరిగ్గా అయిదు. యతి, అంటే పాదంలో అక్షరాల జత, దే, దె లకు కుదిరింది. అందుకే ఈ పాదం క్రీడాభిరామంలో రెండోదిగా, ఆముక్తమాల్యదలో నాలుగోదిగా ఇట్టే ఒదిగిపోయింది. రాయలు తీసుకున్నాడా, అప్పటికే అది జనం నోట నానుతున్న మాటా అన్నది వేరే చర్చ. మొదటివాడు మాత్రం కాదు.

సంస్కృతం కన్నా గొప్పది, ప్రపంచంలోనే గొప్పది అన్న మాటకు పద్యంలో ఆధారం లేదు. పోలిక దేశభాషల మధ్య, అంటే ఆయా ప్రాంతాల జనం మాట్లాడే భాషల మధ్య. సంస్కృతాన్ని ఆ లెక్కలో వేయరు. క్రీడాభిరామం దాన్ని విడిగా తల్లి స్థానంలో కూర్చోబెట్టింది. తల్లికంటే కూతురు మేలు కాదా అని చమత్కరించిందీ ఆ పద్యమే, రాయలది కాదు.

"రాజులంతా తెలుగునే కొలిచారు" అనేది అన్వయం తప్పడం వల్ల వచ్చింది. కొలుస్తున్నది రాజులు, కొలిపించుకుంటున్నది రాయలు; "ఎఱుఁగవే" అన్న ప్రశ్న ఆయనకే కాబట్టి "బాసాడి" కూడా ఆయనకే చెందుతుంది. నానా దేశాల రాజులతో మాట్లాడిన అనుభవాన్నే దేవుడు ఆయనకు గుర్తు చేస్తున్నాడు. రెండో పాదం చివర మాత్రం నిజంగానే రెండు దారులున్నాయి: "తెలుఁగు ఒకండ" అని విడదీసేవారు కొందరు, "తెలుఁగొ కండ" అని విడదీసి కలకండ తీపి చెప్పేవారు కొందరు. ఏది ఎంచుకున్నా నాలుగో పాదం మారదు.

ఇక మాతృభాష. రాయల ఇంట్లో ఏ భాష మాట్లాడేవారన్న గొడవలోకి పోనక్కర్లేదు. ఈ పద్యానికి ముందరి పద్యంలోనే స్వామి "నేను దెలుంగురాయఁడం గన్నడరాయ" అంటాడు. తాను తెలుగురాయుడు, ఎదుట ఉన్నవాడు కన్నడరాయుడు. ఆ పిలుపు కర్ణాట రాజ్యాన్ని, అంటే విజయనగరాన్ని, బట్టి వచ్చింది కావచ్చు, ఇంటిభాషకు సాక్ష్యంగా చూపలేం. కానీ తెలుగు తనదని పద్యంలో చెప్పుకున్నది దేవుడు. దాన్ని రాజు ఖాతాలో వేయడానికి వీల్లేదు.

ఏ పద్యపాదానికైనా ఇదే తనిఖీ పనిచేస్తుంది. పద్యం నాలుగు పాదాలూ తెచ్చుకోవాలి. వెనక్కి వచనం తగిలేదాకా, ముందుకు మాట ముగిసేదాకా చదవాలి. పాత ప్రతుల్లో కొటేషన్ గుర్తులు ఉండవు. "అని", "అనుటయు", "అనిన" అన్నవే మాట ముగిసిన గుర్తులు, సంబోధన వినేవాడి గుర్తు. ఫోనులో వెతికితే తెగిన పాదమే మళ్లీ మళ్లీ వస్తుంది; వ్యాఖ్యానం ఉన్న పుస్తకమే పట్టాలి. ఆముక్తమాల్యదకు వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య ఉంది. గుంటూరు అన్నమయ్య గ్రంథాలయంలోనో, విజయవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల దుకాణాల్లోనో ఇలాంటివి అడిగి చూడొచ్చు.

శ్రీకాకుళంలో పుట్టిన పద్యం అన్నది మాత్రం కావ్యం చెప్పినదానికి దగ్గరగానే ఉంది, ఊరే వేరు. అది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఆంధ్రమహావిష్ణువు గుడి అక్కడే ఉంది. ఫొటో కావాలనుకునేవారు విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ దారి పట్టాలి, విశాఖ వైపు రైలు కాదు.