స్కాట్లండ్ యార్డుకు అల్లిక సూదులు కావలెను

పక్కింటి సంగతులు మాట్లాడుకోవడం పనిలేనివాళ్ళ పని అనుకుంటారు గానీ, అదొక శాస్త్రం. దాని విశ్వవిద్యాలయం ఇంగ్లండులో సెయింట్ మేరీ మీడ్ అనే పల్లె. ఊరు కల్పితం, శాస్త్రం కాదు. అక్కడి ఆచార్యురాలు మిస్ మార్పుల్. పెళ్ళి చేసుకోని ముసలావిడ, ఒళ్ళో ఎప్పుడూ ఊలు అల్లిక. డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ సృష్టి.

1932లో పుస్తకంగా వచ్చిన ‘ది థర్టీన్ ప్రాబ్లమ్స్’ ఈవిడ ఇంట్లోనే మొదలవుతుంది. రచయిత అయిన మేనల్లుడు, ఒక చిత్రకారిణి, ఒక లాయరు, ఒక పాస్టరు గారు, లండన్ పోలీసుల కేంద్రం స్కాట్లండ్ యార్డులో కమిషనర్‌గా చేసి రిటైరైన సర్ హెన్రీ. తలా ఒక అంతుచిక్కని కేసు చెప్పాలి, మిగతావాళ్ళు చిక్కు విప్పాలి. తలలు లెక్కపెట్టారు. ఐదు! ఎవరింట్లో కూర్చుని ఎవరి టీ తాగుతున్నారో ఆవిణ్ణే మర్చిపోయారు. ఇదీ మేధావుల పరిశీలన.

ఆవిడ తన వంతుగా రొయ్యల సంగతి ఎత్తింది. ఊళ్ళో ఒకావిడ రొయ్యలు కొని, ఇంకో రెండు కొట్లకు వెళ్ళి ఇంటికొచ్చేసరికి రొయ్యల్లేవు. అందరూ నవ్వుకున్నారు. తర్వాత విషప్రయోగం కేసు వచ్చింది. పెద్దలంతా సిద్ధాంతాలు చెప్పి అలిసిపోయారు. ఈవిడకు మాత్రం తన ఊరి హార్‌గ్రేవ్స్ గుర్తొచ్చాడు. పెద్దమనిషే పాపం. పోయాక వీలునామా తీస్తే, ఒకప్పటి పనిమనిషితో ఐదుగురు పిల్లలని భార్యకు తెలిసింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని హంతకుణ్ణి తేల్చేసింది. ఎవరో నేను చెప్పను, చదవనివాళ్ళ ఉసురు నాకెందుకు?

ఇలాంటి ఆవిడ ఒకరు 1926 డిసెంబరులో ఉండుంటే బాగుండేది. ఆ నెల 3న రాత్రి స్వయంగా క్రిస్టీయే మాయమైంది. కారు సర్రే జిల్లాలో దొరికింది, మనిషి లేదు. పోలీసులు పొలాలు, చెరువులు గాలించారు. షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన కోనన్ డాయల్ ఆవిడ చేతితొడుగు తీసుకుని ఏకంగా ఆత్మలతో మాట్లాడే ఆయన దగ్గరికి పంపాడు. తర్కానికి తండ్రి కదా!

11 రోజుల తర్వాత ఉత్తర ఇంగ్లండులోని హారోగేట్‌లో ఒక హోటల్లో తేలింది. జ్ఞాపకం పోయిందని భర్త ప్రకటించాడు. పోయే ఉంటుంది. కానీ రిజిస్టరులో రాసిన పేరు మిసెస్ నీల్. భర్త పెళ్ళాడాలనుకుంటున్న అమ్మాయి నాన్సీ నీల్. అన్నీ మర్చిపోయినా సవతి ఇంటిపేరు స్పెల్లింగుతో సహా గుర్తుంది. ఊళ్ళో ఏ ముసలమ్మ నడిగినా, ముందు ఆ పేరుతో హోటళ్ళు వెతకమనేది.

సరిగ్గా ఏడాదికి, 1927 డిసెంబరులో, మిస్ మార్పుల్ మొదటి కథ అచ్చయింది.