పన్నెండు పొరల పాండిత్యం

కాగితంతో మంచుపువ్వులు చేసి కిటికీకి కట్టడం అరగంట పని అని ఎవరో అన్నారు. ఎవరో కాదు, నేనే అన్నాను. చలికాలం సెలవుల్లో పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరి వేస్తుంటే, "ఇలా రండి, కిటికీని అలంకరిద్దాం" అని పిలిచాను. మా ఆవిడ లోపలి గదిలోంచి తొంగిచూసి, "అంతా అయ్యాక ఊడ్చేది ఎవరు?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న వినపడనట్టు ఉండడం నాకు చాలా ఏళ్ల సాధన.

అమ్మాయికి ఎనిమిదేళ్లు, చిన్నవాడికి నాలుగు. నేను సరంజామా సర్దుకునేలోపే అమ్మాయి పాత వార్తాపత్రికలోంచి ఒక చదరం ముక్క తీసి, సగానికి, మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచి చకచకా కత్తిరించేసింది. విప్పితే నాలుగు రెక్కల పువ్వు. ముచ్చటగా ఉంది. భలే అని ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

"మంచుపువ్వుకు నాలుగు రెక్కలు ఉండవమ్మా, ఆరు ఉంటాయి," అన్నాను.

"ఎందుకు నాన్నా?"

అడిగింది ఒక్క మాటే. నేను గొంతు సవరించుకున్నాను. నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఆరు మూలల అమరికలో ఒకదానికొకటి పట్టుకుంటాయనీ, మంచుకు ఆరే మూలలు ఎందుకని 1611లోనే కెప్లర్ తల బద్దలు కొట్టుకున్నాడనీ, అమెరికాలో బెంట్లీ అనే రైతు 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడనీ, జన్మంతా అదే పనిగా అయిదు వేలకు పైగా తీశాడనీ చెప్పుకుంటూ పోయాను. చెప్పడం అయ్యాక చూస్తే అమ్మాయి ఇంకో మూడు పువ్వులు పూర్తిచేసింది. చిన్నవాడు ఒక కాగితాన్ని ఉండగా నలిపి, దానికి జిగురు పూసి, చమ్కీ పొడిలో దొర్లిస్తున్నాడు. అది మంచు ముద్దట.

సరే, చేసి చూపిస్తేనే తెలుస్తుందని రంగంలోకి దిగాను.

ఇందులో కిటుకు ఒక్కటే. సగానికి సగం మడుచుకుంటూ పోతే నాలుగో ఎనిమిదో రెక్కలు వస్తాయి, ఆరు చచ్చినా రావు. చదరాన్ని మూలకు మూల కలిపి ఒకసారి, ఆ త్రికోణాన్ని సగానికి ఇంకోసారి మడిచాక, మూడో మడతను సగానికి కాకుండా మూడు సమాన భాగాలుగా వేయాలి. అప్పుడు మొన దగ్గర ముప్పై డిగ్రీల కోణం, పన్నెండు పొరల మందం వస్తాయి. కంటి అంచనాతో మడిచేవాళ్లు మడుస్తారు. నేను కోణమానిని తెప్పించాను.

కాగితం దగ్గర కూడా రాజీ పడలేదు. పత్రిక కాగితం నాసిరకమని, మందపాటి తెల్లకాగితం తీశాను. పన్నెండు పొరలకు మడిస్తే అది కాగితం కాదు, చెక్క. పిల్లల మొద్దు మొనల కత్తెర దాన్ని నమిలింది తప్ప తెంచలేదు. అప్పుడు చుట్టూ చూసి, అలమరలోంచి బట్టల కత్తెర తీశాను. ఆ కత్తెర గురించి మా ఇంట్లో ఒకే ఒక చట్టం ఉంది: దానితో కాగితం కత్తిరించకూడదు, పదును పోతుంది.

"నాన్నా, అది అమ్మది," అంది అమ్మాయి, గొంతు తగ్గించి.

"ఒక్క పువ్వే కదా," అన్నాను, ఇంకా తగ్గించి.

ఇక ఆ పువ్వు మీద నేను చేయని నగిషీ లేదు. ఎడమ అంచున మూడు గాట్లు, కుడి అంచున మూడు గాట్లు, వాటి మధ్య చిన్న చంద్రవంకలు. గంట గడిచింది. వేళ్ల మీద కత్తెర వాతలు తేలాయి. ఎడమవైపు చివరి గాటును ఇంకొంచెం లోతుగా పోనిచ్చినప్పుడు మొన ముక్క తెగి కిందపడింది. చెత్త కాబోలనుకుని పక్కకు ఊదేశాను.

"చూడండి ఇప్పుడు," అని ఒక్కొక్క మడతే విప్పాను.

రెక్కలు ఆరూ ఉన్నాయి. మధ్యలో పువ్వే లేదు, చిన్నవాడి తల దూరేంత బిలం ఉంది. దూరేంత అని ఎలా తెలిసిందంటే, వాడు వెంటనే దూర్చాడు. రెండు అంచుల గాట్లు మధ్యలో కలిస్తే మొన తెగిపోతుంది. మొన అంటే పువ్వు నడిబొడ్డు. నేను ఊదేసినది దాన్నే. బల్ల కింద దొరికింది, విప్పితే చక్కటి నక్షత్రం. నేను ఉద్దేశించి చేసినవాటికంటే అదే తీరుగా ఉంది.

అమ్మాయి నా భుజం తట్టింది. "ఫరవాలేదు నాన్నా. మొదటిసారి కదా, నిదానంగా చేస్తే వస్తుంది." లెక్కలు తప్పు చేసినప్పుడల్లా నేను దానికి చెప్పే మాట అది, అదే రాగంలో.

కిటికీ పని తొందరగానే తేలింది. చలికి అద్దం చెమర్చి టేపు నిలవలేదు, దారం కట్టి వేలాడదీశాం. ఎనిమిది పువ్వుల చివర నా వలయాన్ని కూడా అమ్మాయి పట్టుబట్టి కట్టింది. వద్దన్నాను. "అందరివీ ఉండాలి," అంది. చమ్కీ సంగతి ఎత్తను. జిగురు కడిగితే పోతుంది, అది మాత్రం మర్నాడు ఆఫీసులో నా కనుబొమ్మ మీద కూడా ఉందట. బట్టల కత్తెర సంగతి ఆ సాయంత్రమే బయటపడింది. దాని గురించి ఇక్కడ రాయడానికి నాకు అనుమతి లేదు.

ఆదివారం పక్కింటి పెద్దాయన వచ్చారు. కిటికీ దగ్గర నిలబడి తలపంకించారు.

"బాగున్నాయే! ఇవన్నీ అమ్మాయి చేసిందా? ఆ చివరిది చిన్నవాడిది కాబోలు. నాలుగేళ్లవాడు ఆ మాత్రం చేయడం గొప్పే."

"అవునండీ," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

చిన్నవాడు ఆడుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది.

"అది నాది కాదు! నాన్నది!" అని కాలు నేలకేసి కొట్టి, మంచం కిందికి పాకి, మంచు ముద్దను తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "నాది ఇది. చిరగలేదు."

పెద్దాయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకసారి నా వలయం వైపు, ఒకసారి నా కనుబొమ్మల వైపు చూశారు.

"నిజమే నాయనా," అన్నారు. "పనితనంలో తేడా తెలుస్తోంది."